చేతిలోకి తీసుకుని మళ్ళీ గోడకు తగిలించే బేస్ గిటార్లు

నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా, ఒంగోలులోనైనా వాయిద్యాల షాపుకి వెళ్తే ముందు కీబోర్డులు, ఆ పక్కన రిథమ్ ప్యాడ్లు, గోడ నిండా అకౌస్టిక్ గిటార్లు కనిపిస్తాయి. పాటకు అడుగు స్వరాలు పలికే బేస్ గిటార్లు ఒకటో రెండో పైవరసలో వేలాడుతుంటాయి. వాటిని దింపించుకునేవాళ్ళు తక్కువ, దింపించుకుని కొనేవాళ్ళు ఇంకా తక్కువ. చర్చి క్వయర్లో వాయించే కుర్రాడు గానీ, పెళ్ళిళ్ళకూ తిరనాళ్ళకూ తిరిగే ఆర్కెస్ట్రా అబ్బాయి గానీ రెండు నిమిషాలు మీటి, "తీగలు పైకుండాయన్నా" అనో, "జిర్రుమంటా ఉండాది" అనో తిరిగిచ్చేస్తాడు.

ఈ అభ్యంతరాల్లో కొన్ని అలెన్ కీ (మరలు తిప్పే ఆరు పలకల కీ) పెట్టి పావుగంటలో పోగొట్టేవి. కొన్ని ఎంత డబ్బు పోసినా పోనివి. బాధ ఎక్కడంటే, మొదటి రకం చూసి మంచి బేస్‌ను వదిలేస్తున్నారు, రెండో రకం పట్టించుకోకుండా చెడ్డదాన్ని కొనుక్కుపోతున్నారు. పదివేల నుంచి ముప్పైవేల లోపు దొరికే నాలుగు తీగల బేస్‌లను దృష్టిలో పెట్టుకుని, ఏది ఏ రకమో ఇక్కడ చెబుతున్నాం. తీగల పేర్లు లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి.

అందరికంటే ముందు వినిపించే ఫిర్యాదు తీగల ఎత్తు. లేత వేళ్ళతో ఇ తీగను మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నొక్కితే వేలి కొనలో గాడి పడుతుంది, స్వరం మాత్రం 'టప్'మని చచ్చిపోతుంది. ఇందులో బేస్ తప్పు చాలాసార్లు ఉండదు. నాలుగు తీగలనూ శ్రుతికి బిగిస్తే అవి మెడను ఎనభై కిలోల దగ్గర బలంతో ముందుకు లాగుతుంటాయి. ఫ్యాక్టరీలో సరిచేసిన మెడ కంటైనర్లో, గోడౌన్లో, ఆ తర్వాత షాపు గోడ మీద నెలల తరబడి ఆ లాగుడులోనే ఉంటుంది. రోహిణి కార్తె వేడికి షట్టరు వేసిన షాపు పొయ్యిలా కాగుతుంది, చెక్కలో చెమ్మ ఎండిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు అదే చెక్క మళ్ళీ చెమ్మ పీలుస్తుంది. ఇంత మార్పు మధ్య మెడ విల్లులా కాస్త వంగకుండా ఉంటే ఆశ్చర్యపోవాలి. మెడ వంగితే నడిమి ఫ్రెట్ల మీద తీగ లేస్తుంది.

షాపులోనే చూసుకోవచ్చు. ఒక చేత్తో ఇ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, రెండో చేత్తో మెడ ఒంటికి కలిసేచోటి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. పక్కనున్నవాళ్ళను ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద, తీగ కింద సందు చూడమనండి. 0.3 మి.మీ. దగ్గర ఉండాలి. దానికి ప్రత్యేకమైన గేజి అక్కర్లేదు. జిరాక్స్ మిషన్లో వాడే 80 జీఎస్ఎం కాగితం ఒక్కోటి దాదాపు 0.1 మి.మీ. మందం. మూడు కాగితాల ముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి ఆ సందులోకి జరిపితే తీగను కదపకుండా సరిగ్గా దూరాలి. ఆరు ముక్కలు కూడా వదులుగా దూరుతున్నాయంటే మెడ ముందుకు వంగింది. ఒక్క ముక్క కూడా దూరకపోతే మెడ మరీ నిటారుగా ఉంది, లేదా వెనక్కి వంగింది.

ముందుకు వంగిన మెడకు మందు లోపలే ఉంది. మెడలో ఉండే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, దాని కీతో గడియారం ముల్లు తిరిగే దిక్కుకు పావు చుట్టు తిప్పితే మెడ నిటారవుతుంది. ఒక్కసారికి పావు చుట్టు మించి వద్దు. తిప్పాక తీగలు మళ్ళీ శ్రుతి చేసి మళ్ళీ కాగితాలు పెట్టాలి. చెక్క వెంటనే కుదురుకోదు, మర్నాడు కొలిస్తే ఇంకొంచెం జరిగి ఉంటుంది. వెనక్కి వంగిన మెడకు రాడ్‌ను ఎదురు దిక్కుకు వదులు చెయ్యాలి. ఇక్కడే అసలు పరీక్ష. రాడ్ పూర్తిగా వదులైపోయి ఇంకా మెడ వెనక్కే ఉన్నా, ముందుకు వంగిన మెడ రాడ్ చివరి దాకా బిగిసినా లేవకపోయినా, ఆ బేస్‌ను ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. మెడ మెలి తిరిగి ఉంటే కూడా అంతే: ఒంటి వైపు నుంచి తల వైపు ఒక కన్ను మూసి చూసినప్పుడు, నట్ (తల మొదట్లో తీగలు ఆనే గాడుల పట్టీ) గీత, చివరి ఫ్రెట్ గీత ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. ఒకటి వాలి ఉంటే ఆ మెడకు మన దగ్గర చేయగలిగిందేమీ లేదు.

మెడ సరి అయ్యాకే బ్రిడ్జి, అంటే ఒంటి మీద తీగల కొసలు ఆనే లోహపు పట్టీ, ముట్టుకోవాలి. చాలామంది వరస తిప్పి చేస్తారు, ముందు బ్రిడ్జి మీద ఒక్కో తీగను మోసే శాడిళ్ళు దించేసి తర్వాత మెడ సంగతి చూస్తారు, అందుకే రెండూ చెడతాయి. పదిహేడో ఫ్రెట్ మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే, ఫ్రెట్ తల నుంచి తీగ అడుగు దాకా ఇ తీగకు 2.4 మి.మీ., జి తీగకు 2 మి.మీ. ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. శాడిల్ మీది చిన్న మరలు ఎక్కువగా 1.5 మి.మీ. అలెన్ కీవి. రెండు మరలనూ సమానంగా తిప్పాలి, లేకపోతే శాడిల్ ఒక పక్కకు ఒరిగి తీగ జారుతుంది.

మెడా బ్రిడ్జీ సరిగ్గా ఉండి కూడా మొదటి రెండు ఫ్రెట్లలోనే వేలు నొప్పి పెడుతుంటే నట్‌లో గాడి లోతు చాలలేదన్నమాట. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. కాగితం మందమే ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే మొదటి ఫ్రెట్ స్వరం ట్యూనర్ మీద పైకి చూపిస్తుంది, కీబోర్డుతో కలిసినప్పుడు అపస్వరంగా వినబడుతుంది. గాడి అరగదీయడం చిన్న పనే, కానీ తీగ మందానికి తగిన ఆకురాయి లేకుండా చేస్తే గాడి మరీ దిగిపోతుంది, తెరిచిన తీగ (వేలు నొక్కకుండా మీటినది) జిర్రుమంటుంది. ఆకురాయి లేని చేతికి ఈ ఒక్క పని అప్పగించకండి.

జిర్రుమనే చప్పుడు కూడా అభ్యంతరమే గానీ, అది ఎక్కడ వస్తుందో విని తేల్చాలి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే వస్తే మెడ మరీ నిటారుగా ఉంది, రాడ్ కాస్త వదిలితే పోతుంది. పన్నెండు దాటాక వస్తే శాడిళ్ళు మరీ దిగి ఉన్నాయి. ఒకే ఒక్క చోట, అదీ ఏ తీగ మీదైనా అక్కడే వస్తే, ముందున్న ఫ్రెట్ ఒకటి పైకి లేచి ఉంది. సుత్తితో తట్టి కూర్చోబెట్టడమో, అరగదీయడమో పనివాడి చేతిలోని పని. రెండు మూడు చోట్ల అలా ఉంటే ఇంకో పీస్ తెప్పించమనండి. ఇంకొకటి: ఆంప్ (ధ్వని పెంచే స్పీకరు పెట్టె) లేకుండా వాయించినప్పుడు వినిపించే జిర్రు ఆంప్‌లో వినిపించకపోతే దాన్ని పట్టించుకోవాల్సిన పని లేదు. షాపులో వదిలేసిన మంచి బేస్‌లు చాలావరకూ దీనివల్లే మిగిలిపోతాయి.

ఇక ఏ కీతోనూ పోనిది మెడ కిందికి వాలడం. బెల్టు భుజాన వేసుకుని, మెడను కాస్త పైకెత్తి పట్టుకుని, రెండు చేతులూ వదిలెయ్యండి. బేస్ ఉన్నచోటే నిలిస్తే మంచిది. తల మెల్లగా నేల వైపు దిగిపోతే, ఇక వాయించినంతసేపూ మీ ఎడమ చెయ్యి స్వరాలు నొక్కడమే కాదు, మెడను మోస్తూ కూడా ఉంటుంది. గంట గడిచేసరికి మణికట్టు లాగుతుంది, వేళ్ళు ఆలస్యంగా పడతాయి. పాట నడక దెబ్బతినేది అక్కడే.

ఇది తూకం లెక్క. తల మీది పాతకాలపు పెద్ద ట్యూనింగ్ కీలు ఒక్కోటి వంద గ్రాముల పైమాటే, నాలుగూ కలిపి నాలుగొందలు. అది భుజానికి దూరంగా, పొడుగాటి మేపుల్ మెడ కొసన ఉంటుంది. ఒంటి పై కొమ్ము పొడుగ్గా ఉండి బెల్టు బొత్తాం పన్నెండో ఫ్రెట్ దాకా వస్తే తూకం నిలుస్తుంది. కొమ్ము పొట్టిగా ఉండి బొత్తాం వెనక్కి పోతే తల బరువే గెలుస్తుంది. గిబ్సన్ 1963లో తెచ్చిన థండర్‌బర్డ్ ఎంత పేరున్నదో, మెడ వాలడంలోనూ అంత పేరున్నది. ఆ ఆకారాన్ని చూసి చేసిన చవక రకాల్లోనూ ఇదే గుణం ఉంటుంది. చవక బేస్‌ల్లో ఒళ్ళు మరీ తేలిక చెక్కతో చేస్తే కూడా వాలుతుంది. "భలే లైటుగా ఉందే" అని సంబరపడే బేస్‌ను తప్పకుండా బెల్టు వేసుకుని చూడండి. లోపలి వైపు గరుకుగా ఉండే మూడంగుళాల వెడల్పు తోలు బెల్టు భుజం మీద పట్టు ఇస్తుంది, తేలిక కీలు మారిస్తే కొంత తగ్గుతుంది, కానీ మారుస్తూ పోతే బేస్ ధరలో మంచి వంతు వాటికే పోతుంది. నైలాన్ బెల్టు చెమట చొక్కా మీద జారిపోతుంది, దానితో మాత్రం పరీక్ష చెయ్యొద్దు.

బరువు సంగతి దీనికి ఇంకో కొస. 3.6 నుంచి 4.2 కిలోల మధ్య ఉన్నది రాత్రంతా నిలబడి వాయించేవాళ్ళకు సరిపోతుంది. ఐదు కిలోలకు దగ్గరపడితే డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తెల్లవారేసరికి భుజం చెబుతుంది. ఇంట్లో లగేజీ తూచే కొక్కెం కాటా ఉంటే షాపుకి పట్టుకెళ్ళడం మంచిది, పెట్టె మీద రాసిన అంకె ప్యాకింగుతో కలిపి ఉంటుంది.

లీడ్ గిటారు నుంచి బేస్‌కి వచ్చేవాళ్ళను భయపెట్టేది పొడవు. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌తో స్థిరపరచిన 34 అంగుళాల తీగ పొడవే నేటికీ మామూలు కొలత. 25.5 అంగుళాల గిటారు మీద నట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా 13.4 సెం.మీ. ఉంటే, 34 అంగుళాల బేస్ మీద 17.8 సెం.మీ. ఉంటుంది. వేలికొక ఫ్రెట్ అని గిటారు పద్ధతిలో చాచితే చిన్న చేతులకు నొప్పి ఖాయం. దీనికి బేస్‌ను వదులుకోనక్కర్లేదు. నిలువు డబుల్ బేస్ వాయించేవాళ్ళ పద్ధతి పట్టుకోవాలి: ఐదో ఫ్రెట్ లోపు చూపుడువేలు, నడిమి వేలు, చిటికెన వేలు, మూడింటితో మూడు ఫ్రెట్లు. ఉంగరం వేలు చిటికెన వేలికి తోడుగా నొక్కుతుంది. ఐదు దాటాక వేలికొక ఫ్రెట్. పన్నెండేళ్ళ లోపు పిల్లలకైతే పొట్టివి తీసుకోవచ్చు. స్క్వయర్ బ్రాంకో 30 అంగుళాలు, ఐబనెజ్ మైక్రో 28.6 అంగుళాలు. వాటిలో ఇ తీగ కాస్త వదులుగా, మెత్తగా పలుకుతుంది, అది లోపం కాదు, ఆ పొడవు స్వభావం.

జి తీగ మెడ అంచు నుంచి కిందికి జారిపోవడం చాలామంది తమ వాయింపు లోపమనుకుంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇ తీగ ఒక అంచుకు, జి తీగ ఇంకో అంచుకు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. ఇ వైపు ఎక్కువ, జి వైపు బొత్తిగా తక్కువ ఉంటే మెడ గూట్లో పక్కకి జరిగింది. తీగలు కాస్త వదులు చేసి, వెనక నాలుగు మరలూ అర చుట్టు వదిలి, మెడ తలను ఇ తీగ వైపు నెట్టి పట్టుకుని మళ్ళీ బిగిస్తే కుదురుకుంటుంది. అలా కూడా కుదరకపోతే బ్రిడ్జి రంధ్రాలే వంకరగా వేశారు. ఇంకో పీస్ అడగండి.

ఫ్రెట్ల కొసలు అంచున గుచ్చుకోవడం కనిగిరి, మార్కాపురం వైపు ఎండాకాలంలో ఎక్కువ. చెక్క ఎండి కుంచించుకుంటుంది, లోహం కుంచించుకోదు, అందుకని కొసలు బయటికి పొడుచుకొస్తాయి. అరచేతిని మెడ పక్క అంచు మీద తల నుంచి ఒంటి దాకా నడిపితే తెలుస్తుంది. గీరుకుంటే అరగదీయించాలి, ఖర్చు తక్కువే. దీనికోసం బేస్‌ను కాదనక్కర్లేదు.

ఇప్పుడు రొద సంగతి. ఆంప్‌కి తగిలించగానే 'గుఁయ్'మంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫెండర్ జాజ్ బేస్ 1960లో వచ్చింది, దాని పద్ధతిలో రెండు సింగిల్ కాయిల్ పికప్పులు (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే, ఒకే చుట్ట ఉన్న అయస్కాంతాలు) ఉన్న వాటిలో రెండు వాల్యూమ్‌లూ సమానంగా నిండుగా తెరిస్తే ఆ రొద ఒకదానికొకటి కొట్టేసుకుని దాదాపు పోతుంది. ఒకటి తగ్గిస్తే తిరిగొస్తుంది. ప్రెసిషన్ బేస్‌కి 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్పుకు ఈ బెడద పుట్టుకతోనే లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఇ తీగ మూడో ఫ్రెట్ మీద పలికే జి స్వరం 49 హెర్ట్జ్. రొద ఉన్న బేస్ మీద ఆ జి స్వరాన్ని పట్టి నిలబెడితే ధ్వని సెకనుకొకసారి ఉబ్బి తగ్గుతున్నట్టు ఊగుతుంది, కరెంటు రొద, తీగ స్వరం ఒకదానితో ఒకటి పెనుగులాడడం అది. చాలా పాటల్లో జి స్వరం లేకుండా జరగదు గనుక ఇది చిన్న విషయమేమీ కాదు.

రొదకు కారణం పట్టుకోవడం తేలిక. తీగల మీద అరచెయ్యి పెట్టండి. రొద తగ్గితే లోపలి ఎర్త్ వైరు సరిగ్గా ఉంది, పికప్పుల గూట్లో రాగి టేపు వేయిస్తే ఇంకా తగ్గుతుంది. చెయ్యి పెట్టినా ఏ తేడా లేకపోతే బ్రిడ్జి కిందికి వచ్చే వైరు ఊడిపోయింది, సోల్డరింగు తెలిసిన ఎవరైనా పది నిమిషాల్లో పెడతారు. చెయ్యి పెట్టగానే రొద పెరిగినా, చేతిలో చీమలు పాకినట్టు అనిపించినా, పెదవికి మైకు తగిలితే చురుక్కుమన్నా ప్లగ్గు వెంటనే పీకెయ్యండి. అది బేస్ దోషం కాదు, ఆ హాలులోనో పందిరిలోనో ఎర్త్ లేదు. ప్రాణాపాయం. జనరేటరు మీద నడిచే పందిళ్ళలో మూడు కాళ్ళ ప్లగ్గు పట్టడం లేదని ఎర్త్ కాలు విరిచేసే పద్ధతి కనిపిస్తుంటుంది. అట్టా విరిచిన ప్లగ్గుకు తగిలించిన ఆంప్ ముందు బేస్ వాయించొద్దు. స్టేజికి ఇచ్చే లైనులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) పెట్టమని సౌండ్ వాళ్ళను ముందే అడగాలి. బేస్ తీగలన్నీ బ్రిడ్జి ద్వారా ఎర్త్‌కి కలిసి ఉంటాయి, రెండు చేతులూ వాటి మీదే ఉంటాయి, ఇంకో ఎర్త్‌లో ఉన్న మైకు పెదవికి తగులుతుంది. అందుకే అడగడానికి మొహమాటపడకూడదు.

బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్‌లంటే అనుభవం ఉన్నవాళ్ళు వెనక్కి తగ్గుతారు, దానికి కారణముంది. లోపల 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తూ సంకేతాన్ని ముందే పెంచే ప్రీఆంప్ ఉంటుంది. కేబుల్ గుచ్చగానే అది ఆన్ అవుతుంది, స్విచ్చు వేరే ఉండదు. రిహార్సల్ అయ్యాక కేబుల్ పీకకుండా మూల నిలబెడితే రాత్రంతా బ్యాటరీ తింటుంది. అయిపోయే ముందు ధ్వని పగిలినట్టు, గరగరగా వస్తుంది, ఆ తర్వాత చాలా మోడళ్ళలో పూర్తిగా మూగబోతుంది. ప్రీఆంప్‌ను పక్కనపెట్టే పాసివ్ స్విచ్చు ఉన్నదైతే బ్యాటరీ లేకపోయినా వాయించుకోవచ్చు, కాబట్టి యాక్టివ్ కొనాలనుకుంటే ఆ స్విచ్చు ఉందా లేదా అని అడగాలి. షాపులోనే బ్యాటరీ తీయించి మోగుతుందో లేదో చూడటం ఇంకా మంచిది. మొదటి బేస్‌కి మా ఓటు బ్యాటరీ లేని పాసివ్‌కే.

ఐదో తీగ ఆశపెట్టేది, తర్వాత చికాకు పెట్టేది. దాని బి స్వరం 30.9 హెర్ట్జ్. ఎందుకు కావాలంటే, మన ఆర్కెస్ట్రాల్లో గాయకుడు "అర స్వరం దించు" అనగానే కీబోర్డు అబ్బాయి ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేస్తాడు, బేస్ అబ్బాయి వేళ్ళు మార్చుకోవాలి. పాట డి లోకో సి లోకో దిగితే నాలుగు తీగల్లో ఆ కింది స్వరం ఉండదు. కానీ ముప్పైవేల లోపు 34 అంగుళాల ఐదు తీగల బేస్‌ల్లో బి తీగ వదులుగా, మసకగా పలకడం మామూలు, మెడ వెడల్పు పెరిగి బొటనవేలు లాగుతుంది, తీగల సెట్టు ధర పెరుగుతుంది. పైగా మన దగ్గర దొరికే బాక్సుల్లో 31 హెర్ట్జ్ వినబడదు. నాలుగు తీగల బేస్‌లోనే ఇ తీగను డి కి దించుకుంటే 36.7 హెర్ట్జ్ దాకా దిగుతుంది, చాలా పాటలకు చాలు.

అసలు చాలామందిని ఆపేది, షాపులో ఎవరూ చెప్పనిది ఆంప్ ఖర్చు. బేస్ పద్దెనిమిది వేలకు వస్తుంది, ఇంటికి తెచ్చి కీబోర్డు ఆంప్‌కో గిటారు ఆంప్‌కో తగిలిస్తారు. తెరిచిన ఇ తీగ 41.2 హెర్ట్జ్. పది అంగుళాల గిటారు స్పీకరు దాన్ని గట్టిగా పలకలేదు, వాల్యూమ్ పెంచితే కోన్ పటపటమని కొట్టుకుంటుంది, కొన్నాళ్ళకు అంచు చిరుగుతుంది. 15 వాట్ల ప్రాక్టీసు ఆంప్ గదికి సరిపోతుంది, డ్రమ్స్ పక్కన వినపడదు. డ్రమ్స్‌తో కలవాలంటే 100 వాట్ల పైన, పది లేదా పన్నెండు అంగుళాల బేస్ స్పీకరు ఉన్నది కావాలి, అది బేస్ కంటే ఖరీదవుతుంది. ఈ లెక్క విన్నాకే "బేస్ ఎందుకు, కీబోర్డు ఎడమ చెయ్యి చాలదా" అనే మాట వస్తుంది. చర్చిల్లోనూ ఆర్కెస్ట్రాల్లోనూ బేస్‌కి నిజమైన పోటీ ఆ ఎడమ చెయ్యే.

ఖర్చు తగ్గే దారి ఉంది. ఆంప్ బదులు డీఐ బాక్స్ ద్వారా మిక్సర్‌కి ఇవ్వాలి. పాసివ్ బేస్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ధ్వని ముద్దగా, పదును లేకుండా వస్తుంది. లైన్ ఇన్‌పుట్ నిరోధం పదివేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది, పాసివ్ పికప్పుకు పది లక్షల ఓమ్‌ల దగ్గర కావాలి. డీఐ బాక్స్ చేసేది ఆ మధ్యవర్తిత్వమే. పాసివ్ బేస్‌కు యాక్టివ్ డీఐ, అంటే మిక్సర్ 48 వోల్టులతో నడిచేది, బాగా కుదురుతుంది. పందిరిలో పదిహేను అంగుళాల బాక్సులు మాత్రమే ఉండి సబ్ (అడుగు స్వరాల కోసం వేరే స్పీకరు) లేకపోతే మిక్సర్లో అడుగు స్వరాలు పెంచే లో నాబ్ తిప్పుతూ పోవద్దు. ఇ తీగ అసలు స్వరం రాకపోయినా దాని రెట్టింపు 82 హెర్ట్జ్ వస్తుంది, చెవి స్వరాన్ని దాన్నుంచే పట్టుకుంటుంది. లో తగ్గించి, 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య కాస్త పెంచితే వేలి దెబ్బ తేలి, బేస్ వెనక వరస దాకా వినిపిస్తుంది.

తీగలు తుప్పు పట్టి ఉంటే బేస్ పాతదని అనుమానపడి వదిలేస్తారు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి కొత్త తీగలు కూడా వారాల్లో మసకబారతాయి, అది కొనకపోవడానికి కారణం కాదు. కానీ తీగలు మార్చిన ధర మీ లెక్కలో వేసుకోండి. 45, 65, 85, 105 గేజి (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) నికెల్ సెట్టు మామూలుది. వాయించిన ప్రతిసారీ పాత పంచె గుడ్డతో తీగ అడుగు కూడా తుడవాలి, చెమట చేరేది అక్కడే. శాడిల్ మరలకు మూడు నెలలకొకసారి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, అగ్గిపుల్ల కొనతో. ఈ మరలు తుప్పుపట్టి బిగుసుకుంటే అలెన్ కీ లోపల గుండ్రంగా తిరిగిపోతుంది, ఆ తర్వాత తీగ ఎత్తు మార్చలేరు. సెకండ్ హ్యాండ్ బేస్ చూసేటప్పుడు మొదట ఈ మరలే చూడాలి.

తళతళలాడే పాలిష్ వేసిన మెడ చెమట చేతికి అతుక్కుంటుంది, మే నెలలో మరీను. మెడ వెనక మాత్రం 1500 నంబరు నీటి కాగితంతో మెల్లగా రుద్దితే మెరుపు పోయి చెయ్యి జారుతుంది. స్టీలు ఊలు వాడితే పికప్పుల మీద టేపు వెయ్యండి, ఇనుప నలుసులు అయస్కాంతాలకు అంటుకుంటే వదలవు. జి తీగ ఐదు నుంచి ఏడు ఫ్రెట్ల మధ్య ఏదో ఒక స్వరం తొందరగా ఆరిపోతే అది మెడ చెక్క స్వభావం. ఖరీదైన వాటిలోనూ ఉంటుంది, పూర్తిగా పోదు. ఎడమచేతివాటం వాళ్ళకు ఈ ధరలో షాపులో చూసి కొనే అదృష్టం దాదాపు లేదు, ఆన్‌లైనే దారి, అప్పుడు వాపసు గడువులోపే పై పరీక్షలన్నీ చేసుకోవాలి.

పేర్లు చెప్పాలంటే, యమహా టీఆర్‌బీఎక్స్174, కోర్ట్ యాక్షన్ పీజే, స్క్వయర్ అఫినిటీ పీజే మూడూ పాసివ్, 34 అంగుళాలు, ముందు ప్రెసిషన్ రకం పికప్పు, వెనక జాజ్ రకం. ఈ వెనకది సింగిల్ కాయిల్, దాన్ని ఒంటరిగా వాడితే రొద ఉంటుంది, ముందుది ఒక్కటే తెరిస్తే నిశ్శబ్దం. ఐబనెజ్ జీఎస్‌ఆర్200లో బేస్ పెంచే బ్యాటరీ సర్క్యూట్ ఉంది, కాబట్టి బ్యాటరీ మాటలన్నీ దానికి వర్తిస్తాయి. ఈ నాలుగింటిలో ఏ పేరు అన్నది కంటే, మీ చేతికిచ్చిన ఆ ఒక్క పీస్ మెడ ఎట్టా ఉందన్నదే పెద్ద సంగతి. ఒకే మోడల్ రెండు పీసులు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. ఆ అవకాశం నెల్లూర్లో లేకపోతే 175 కిలోమీటర్ల దూరంలో చెన్నై ఉంది. 1842 నుంచి నడుస్తున్న మ్యూజీ మ్యూజికల్ లాంటి పెద్ద షాపులో కూర్చుని వాయించి చూసుకోవచ్చు.

బిల్లుకు ముందు ఇంకొక్క పని. పెట్టెలో ట్రస్ రాడ్ కీ, శాడిల్ కీ రెండూ ఉండాలి, చాలాసార్లు అవి షాపు టేబుల్ సొరుగులో ఉండిపోతాయి. కంపెనీని బట్టి రాడ్ కీ సైజు మారుతుంది, కొన్ని మిల్లీమీటర్లవి, కొన్ని అంగుళాలవి. దగ్గరగా ఉన్న సైజు దూర్చి తిప్పితే రాడ్ తల చెడిపోతుంది. ఆ రెండు కీలనూ మీ ముందే వాటి వాటి చోట పెట్టి తిప్పి చూపించమని, బ్యాగు జేబులో వేయించుకున్నాకే డబ్బు కట్టండి.